మందతో నడిచిన తండా: ఆవుకూ మనకూ మధ్య ఉన్న చరిత్ర



పోయినేడు ఫిబ్రవరి 15న మా హాస్టల్ ఆవరణలో భోగ్ చేస్తుంటే నెయ్యి తక్కువ పడింది. వాచ్‌మన్‌ను కిరాణా కొట్టుకు పంపి రెండు ప్యాకెట్లు తెప్పించాం. నిప్పుల మీద లాప్సీ వేసి, ప్యాకెట్ మూల కత్తిరించి నెయ్యి పోస్తున్నాం. ఏడో తరగతి పిల్ల ఒకతె ఖాళీ ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది: "మేడమ్, సేవాభాయాకి వేల ఆవులుండేనని పొద్దున మీరే చెప్పిన్రు. మరి మనకు ప్యాకెట్ నెయ్యేంది?"

పక్కన నిలబడ్డ టీచర్లు నవ్వారు. మేమూ నవ్వాం. కానీ ఆ ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. సంచికకు వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ పిల్ల ప్రశ్నే. నాయకుల గురించి, రిజర్వేషన్ల గురించి రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. పశువుల గురించి రాసేవాళ్ళు తక్కువ. అందుకే ఈ వ్యాసం ఆవుల మీద, ఆవులను కాచి, పాలు పితికి, వాటితో నడిచిన మన పెద్దల మీద.

ముందు మన పేర్ల సంగతి. లంబాడీ అనే మాట లవణం నుంచి, అంటే ఉప్పు మోసిన వాళ్ళమన్న అర్థంలో వచ్చిందని ఎక్కువమంది అంటారు. బంజారా అన్నది వాణిజ్యం నుంచి వచ్చిందని కొందరు, వనంలో చరించేవాళ్ళు అన్న మాట నుంచి వచ్చిందని కొందరు. రాయలసీమ వైపు సుగాలీలంటారు. అది 'సుగ్వాలా', మంచి గోపాలకులు, అన్న మాటేనని చెప్పేవాళ్ళున్నారు. మనకు మనం పెట్టుకున్న పేరు గోర్. అది గోవు నుంచే పుట్టిందని మన సభల్లో తరచూ వింటాం. ఆ మాట రుజువైందని మేము అనం. టీచర్ ట్రైనింగ్ చదివినవాళ్ళం కాబట్టి, చెవికి ఇంపుగా ఉన్నంత మాత్రాన వ్యుత్పత్తి నిజం కాదని పిల్లలకు చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. పేరు ఎక్కడి నుంచి వచ్చినా, బతుకు మాత్రం పశువు మీదే నడిచింది. దానికి వ్యుత్పత్తితో పనిలేదు, సాక్ష్యాలున్నాయి.

1632లో పీటర్ ముండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆగ్రా నుంచి పట్నాకు పోతూ దారిలో ఒక తండాను చూశాడు. ధాన్యం మోస్తున్న 14,000 ఎద్దులు. ఆడవాళ్ళు, పిల్లలు, ఇంటి సామాను అంతా వెంటే. ఎద్దులు వాళ్ళ సొంతమని, ఎక్కడికి పోతే అక్కడే వాళ్ళ ఇల్లని రాశాడు. అదే శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క వరుసగా బియ్యం, గోధుమలు, ఉప్పు మోసుకుపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఇరుకు దారిలో ఆ వరుస ఎదురైతే ప్రయాణికుల బండ్లు రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదట.

ముండీ రాసిన ఒక చిన్న మాట దగ్గర మేము ఆగుతాం. ఆ తండా రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడవదని రాశాడాయన. ఎందుకంత నెమ్మది? బద్ధకమని అనుకునే ప్రమాదముంది. ఇది పశువు లెక్క. చల్లపొద్దున బయల్దేరి, ఎండ ముదిరేలోపు బరువులు దింపితే, మిగిలిన పగలంతా పశువు మేస్తుంది. మేత కొనాల్సిన పనిలేదు, దారి పొడవునా గడ్డే. అందుకే మనవాళ్ళ రవాణా అంత చవక. అందుకే మొఘలుల సైన్యాలూ, గోల్కొండ సైన్యాలూ, తర్వాత 1791-92లో కారన్‌వాలిస్, 1799లో, 1803లో ఆర్థర్ వెల్లెస్లీ, అందరూ తిండిగింజల కోసం మనవాళ్ళ మీద ఆధారపడ్డారు. ప్రయాణ వేగాన్ని నాయక్ నిర్ణయించలేదు, సైన్యాధికారి నిర్ణయించలేదు. ఎద్దు కడుపు నిర్ణయించింది.

ఇంకో సంగతి దీనికంటే గొప్పది. మధ్యపరగణాల జాతుల మీద ఆర్.వి. రసెల్ 1916లో వేసిన గ్రంథంలో, బేరార్ పోలీసు అధికారి కంబర్లెజ్ చెప్పిన మాటగా ఇది ఉంది. ప్రతి పెద్ద తండాలో ఒక ఎద్దును బాలాజీకి వదిలేవారట. దాని పేరు హతాడియా. దాని వీపు మీద బరువు వెయ్యరు. ఎర్రపట్టు కుచ్చులు, గవ్వల దండలు, ఇత్తడి గొలుసులు, గంటలు కట్టి బిడారుకు ముందు నడిపిస్తారు. అది అలిసి ఎక్కడ పడుకుంటే, ఆ రోజుకు తండా అక్కడే దిగుతుంది. మనుషులకో పశువులకో జబ్బు చేస్తే దాని కాళ్ళ దగ్గరే మొక్కుకుంటారు.

ఒక్కసారి ఊహించండి. వేలమంది మనుషులు, వేల పశువులు, వెనక సైన్యానికి అందాల్సిన ధాన్యం. ఇంత పెద్ద వ్యవహారంలో ఈ రాత్రి ఎక్కడ ఆగాలో చెప్పే హక్కు ఒక ఎద్దుకు ఇచ్చారు. దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టేయొచ్చు. మాకు అలా అనిపించదు. బరువు మొయ్యని ఎద్దే అలిసి పడుకుందంటే, బరువు మోసే ఎద్దుల సంగతి ఏమై ఉంటుంది? మందలో ఆరోగ్యంగా ఉన్నదాని అలసటను కొలతగా పెట్టుకుంటే మిగతావి చావవు. ఇది మా ఊహే, ఏ పుస్తకంలోనూ లేదు. కానీ పశువులతో పెరిగిన వాళ్ళెవరైనా ఒప్పుకుంటారని నమ్ముతున్నాం. సేవాలాల్ మహరాజ్ మంద ముందు నడిచిన గరాస్య అనే కోడె గురించి మన భజనల్లో వింటాం కదా, దాన్నీ ఈ వరుసలోనే పెట్టి ఆలోచించండి.

ఇక ఆవు. పుస్తకాల్లో అంతా ఎద్దులే, బరువు మోసింది అవే కాబట్టి. ఆ ఎద్దులను కన్నది ఎవరు? బిడారుతో పాటు, లేదా బిడారు వెనక అడవి పట్టున, ఆవుల మందలు నడిచేవి. వాటిని చూసుకున్నది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. రాసినవాళ్ళు మగవాళ్ళు, వర్తకులు, పోలీసులు. వాళ్ళ కంటికి బరువే కనిపించింది, పొదుగు కనిపించలేదు. అందుకే మన చరిత్రలో ఈ సగం కాగితం మీదికి రాలేదు. అది ఆడవాళ్ళ చేతుల్లో, కుట్టులో, పండుగల్లో మిగిలింది.

కుట్టు చూడండి. మన ఆడవాళ్ళు తమ కాంచళికి, టుక్రికి అద్దాలు, గవ్వలు కుట్టినట్టే ఎద్దు నొసటికి పట్టీలు, కొమ్ములకు తొడుగులు, వీపు మీదికి గుడ్డలు కుట్టారు. ఈ రోజు అవి మ్యూజియాల్లో ఉన్నాయి. మనిషి గుడ్డకొక కుట్టు, పశువు గుడ్డకొక కుట్టు అని లేదు. అదే సూది, అదే గవ్వ.

పండుగలు చూడండి. ఆషాఢంలో మంగళవారం నాడు తండా పొలిమేరలో సీత్లా భవానీకి గుగ్గిళ్ళు, లాప్సీ పెట్టి మొక్కుతాం. ఆ తర్వాత పశువులన్నిటినీ ఆ మొక్కుబడి మీదుగా దాటిస్తాం. మశూచి తల్లిగా పేరున్న దేవతను మనవాళ్ళు పశువులకూ కాపలా పెట్టారు. దవాళీ వస్తే పెళ్ళికాని ఆడపిల్లలు అడవికి పోయి పూలు తెచ్చి, ఆవుపేడ ముద్దల్లో గుచ్చి గోధణ్ చేస్తారు. ఇప్పుడు చాలా తండాల్లో బంతిపూలు కొంటున్నారు. పేడ ఉన్న ఇల్లు వెతుక్కుంటున్నారు.

మరి ఆ మందలన్నీ ఏమయ్యాయి? ఈ భాగం త్వరగా చెప్పేస్తాం, ఎందుకంటే మీలో చాలామంది పోటీ పరీక్షల కోసం చదివే ఉంటారు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. రోడ్లు పడ్డాయి. ఉప్పు వ్యాపారం సర్కారు చేతిలోకి పోయింది. ఎద్దు రోజుకు ఆరు మైళ్ళు నడిస్తే రైలు అరగంటలో దాటింది. లదేణి, అంటే బరువుల బేరం, మూతపడింది.

కానీ ఒక సంవత్సరం మాత్రం గుర్తు పెట్టుకోండి: 1871. ఆ ఏడాది బ్రిటిష్ ఇండియాలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి పశువుల చొరబాటు చట్టం. పొలంలోనో సర్కారు జాగాలోనో పడిన పశువును బందెలదొడ్డిలో పెట్టి, జరిమానా కడితేనే వదిలే చట్టం. రెండోది నేరస్థ తెగల చట్టం. తిరిగే మనుషులను పుట్టుకతోనే దొంగలుగా పట్టీలో రాసి, హాజరు వేయించే చట్టం. రెండోది మద్రాసు రాజధానికి 1911లో వచ్చింది, ఆంధ్ర ప్రాంతంలో మనవాళ్ళు దాని కింద నలిగారు. పశువుకు బందెలదొడ్డి, మనిషికి హాజరు పట్టీ. ఒకే ఏడాది తిరిగే పశువూ నేరం చేసినట్టయింది, తిరిగే మనిషీ నేరం చేసినట్టయింది. 1952లో నేరస్థ తెగల చట్టం రద్దయింది. బందెలదొడ్డి ఇంకా చాలా ఊళ్ళలో ఉంది.

మధ్యలో అడవి చట్టాలు వచ్చాయి. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. మేతకు పుల్లరి కట్టాలన్నారు. పల్నాడులో ఆ పుల్లరి మీద 1921లో లేచిన పోరాటం, 1922లో కన్నెగంటి హనుమంతు బలిదానం మీకు తెలిసినవే. ఆయన మన జాతివాడు కాకపోవచ్చు. కానీ ఆ పుల్లరి, అడవి మీద బతికిన ప్రతి మందకూ పడింది, మనవాళ్ళ మందలకూ పడింది.

బరువుల బేరం పోయాక మనవాళ్ళు రెండు దారులు పట్టారు. ఎక్కువమంది భూమి దొరికిన చోట తండాలు కట్టుకుని సేద్యంలోకి, కూలిలోకి దిగారు. కొంతమంది మందలను వదల్లేదు, అడవి అంచుకు చేరారు. అలాంటి చోటుల్లో ఒకటి నల్లమల. అమ్రాబాద్, పదర పరిసరాల్లో మన తండాల వాళ్ళు కాచిన పశువులనే పొడ తూర్పు అంటారు. పొడ అంటే మచ్చ. తెల్లటి ఒంటి మీద ఎర్రటి, గోధుమరంగు మచ్చలుంటాయి. పడమటి పాలమూరు రైతులకు ఈ ఎద్దులు తూర్పు దిక్కు నుంచి వచ్చేవి కాబట్టి తూర్పు ఎద్దులన్నారు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరలో జరిగే పశువుల సంతలో వీటికి పేరు. గట్టి డెక్క, రాళ్ళలో నడక, ఎండకు తట్టుకునే ఒళ్ళు. నల్లరేగడి చేలో దున్నినా, బండరాళ్ళ గుట్ట ఎక్కినా కాలు తడబడదు.

మేము పుట్టి పెరిగిన తండాలోనూ ఇవే పశువులు. మా దాదికి, అంటే మా నాయన తల్లికి, అరవై దాకా ఉండేవి. వానాకాలం చుట్టూ చేలల్లో పైర్లుంటాయి కాబట్టి మందను అడవిలోకి తోలేవాళ్ళు. కోతలయ్యాక కిందికి దింపి రైతుల పొలాల్లో మంద కట్టేవాళ్ళు. రాత్రంతా పశువులు పొలంలో పడుకుంటే పేడ, మూత్రం ఆ నేలకే. దానికి రైతు జొన్నలిచ్చేవాడు. ఇంట్లో తిన్న జొన్నల్లో సగం పేడ సంపాదించినవే అని మా నాయన నవ్వేవాడు.

అరవై పశువులున్న ఇంట్లో పాలు ఎన్ని ఉండాలి? మా ఇంట్లో చాయ్‌కి కూడా లెక్కే. ఈ సంగతి చెబితే మా హాస్టల్ పిల్లలు నమ్మరు. పొడ తూర్పు ఆవు పూటకు లీటరో, లీటరున్నరో ఇస్తుంది. అందులోనూ దాది అన్ని చన్నులూ పితికేది కాదు. రెండు మనకు, రెండు దూడకు. కోడెదూడ అయితే మొదటి నెలల్లో అసలు ముట్టనిచ్చేది కాదు. "ఈ రోజు పాలు పిండితే మూడేండ్లకు ఎద్దు తగ్గుతది" అనేది. ఆ కోడె పెద్దదైతే దాన్ని అమ్మిన డబ్బుతోనే ఇంట్లో పెళ్ళి, అప్పు, బియ్యం అన్నీ. అందుకని పాలంటే దూడ ఆస్తి. మనం అడుక్కుని తాగాలి. మిగిలిన కాసిని పాలు తోడేసి, చిలికి, వెన్న కాచి నెయ్యి చేసి ఒక మట్టి బుడ్డిలో దాచేది. ఆ నెయ్యి బాలింతకు, భోగ్‌కు. మాకు వేలికంటిన మేరే.

ఇక్కడ సేవాభాయా వేల ఆవుల గురించి అడిగిన పిల్లకు సగం జవాబుంది. ఆ వేల ఆవులు పాల కోసం పెంచినవి కావు. నెయ్యి ఏరులై పారిన కాలం ఏదో ఉండేదని మనం వేదికల మీద చెప్పుకుంటాం కానీ, మందలు ఉన్నప్పుడు కూడా నెయ్యి బుడ్డి చిన్నదే.

పేర్ల సంగతీ చెప్పాలి. ప్రతి ఆవుకూ పేరుండేది. తెల్లదైతే ధోళి, నల్లదైతే కాళి, ఎర్రదైతే రాతి. ఒకే రంగువి నాలుగుంటే తల్లి పేరు, కొమ్ము వంపు, పుట్టిన చోటు కలిపి పిలిచేవాళ్ళు. దాదికి చదువు రాదు. కానీ ఏ ఆవు ఎవరి కూతురో, ఎన్నో ఈతో, ఏ కరువులో ఏది పోయిందో నాలుగు తరాలు వెనక్కి చెప్పేది. మేము ఇప్పుడు రిజిస్టర్లో మూడు వందల మంది పిల్లల వివరాలు రాస్తాం. అంత బాగా మాత్రం గుర్తుండవు.

మా అక్కచెల్లెళ్ళం ఇద్దరం టీచర్ ట్రైనింగ్‌కి పోయాం. మొదటి సెలవులకు చుడీదార్లు వేసుకుని ఇంటికొచ్చాం. దాదికి జ్వరం. "ధోళిని మీరు పితకండి" అంది. చిన్నప్పటి నుంచి తెలిసిన పనే. దూడను వదిలాం, అది రెండు గుక్కలు తాగింది, పక్కకు లాగి కూర్చున్నాం. ధోళి చేపలేదు. పొదుగు బిగబట్టి నిలబడింది. కాళ్ళు ఎత్తింది. పేరు పెట్టి పిలిచాం, గంగడోలు నిమిరాం. తల తిప్పి వాసన చూసి, ముక్కుతో మమ్మల్ని పక్కకు నెట్టింది.

దాది మంచం మీద నుంచే అరిచింది: "దానికి మీరెవరో తెల్వది. నా పేటియా కట్టుకోండి."

మాకు సిగ్గు. పట్నంలో ట్రైనింగ్ చదువుతున్నవాళ్ళం, ఆవు కోసం పేటియా కట్టుకోవాలా? కానీ చాయ్‌కి పాలు కావాలి. చెల్లెలు దాది పేటియా చుట్టుకుంది, నెత్తిన టుక్రి వేసుకుంది, చేతికి నాలుగు బలియాలు తొడుక్కుంది. బలియాల చప్పుడుకు ధోళి చెవులు కదిలించింది. దగ్గరికి పోతే వాసన చూసింది. ఆ తర్వాత, మేము చూస్తుండగానే, పొదుగు వదిలింది. చేపి పాలు కారాయి.

చెల్లెలు పితుకుతూ ఏడ్చింది. ఎందుకో అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడిగితే దోమలు కుట్టాయంటుంది.

ఇందులో మహత్యమేమీ లేదు. నాటు ఆవు చేపాలంటే దూడ కావాలి, తెలిసిన మనిషి కావాలి, తెలిసిన వాసన, చప్పుడు కావాలి. భయపడితే పాలు బిగబడుతుంది. పశువైద్యులు కూడా ఇదే చెబుతారు. పాలు చేతి బలంతో వచ్చేవి కావు, ఆవు ఒప్పుకుంటే వచ్చేవి. మన పెద్దలకు దీనికి సైన్సు మాటలు లేవు, అలవాటు ఉండేది.

ఇప్పుడు రెండో ఆవు కథ. మా నాయన ఒక పథకం కింద అప్పు తీసుకుని జెర్సీ సంకర ఆవును తెచ్చాడు. 1970లో మొదలైన శ్వేత విప్లవం అల అప్పటికి మా తండా దాకా వచ్చింది. చెవికి కమ్మ, కమ్మ మీద నెంబరు. మా నాయన దానికి పేరు పెట్టలేదు. అందరం 'లోన్' అని పిలిచేవాళ్ళం. అది ఎవరు పితికినా ఇచ్చేది. చుడీదార్ అయినా, లుంగీ అయినా దానికి పట్టింపు లేదు. పొద్దున ఆరు లీటర్లు, సాయంత్రం నాలుగు. పాల కేంద్రం అతను సైకిలు మీద వచ్చి కొలుచుకుపోయేవాడు, వెన్న శాతం చూసి పైసలు రాసేవాడు.

నిజం చెప్పాలి. మా ఇద్దరి ట్రైనింగ్ ఫీజులు కట్టింది లోనే. అరవై పొడ పశువులు కాదు. కాబట్టి సంకర ఆవును తిట్టి, నాటు ఆవును పొగిడే వ్యాసాలు చదివినప్పుడు మాకు నోట మాట రాదు. మేము తిన్న ఉప్పు దానిది కూడా.

కానీ దాది దాని దగ్గరికి పోయేది కాదు. "ఇది మనతో నడవదు" అనేది. అంతకంటే ఏం చెప్పేది కాదు. నిజమే, అది నడవలేదు. కొట్టంలో కట్టేసి, నీళ్ళు మోసి, దాణా కొని, పచ్చిగడ్డి కోసి పెట్టాలి. ఎండాకాలం రొప్పేది. దానికి పుట్టిన మగదూడను ఎవరూ కొనలేదు, మూపురం సరిగా లేని దాని మెడ మీద కాడి నిలవదని. మూడో ఈత తర్వాత ఎండాకాలంలో జ్వరం తగిలి పోయింది. మందు వచ్చేసరికి ఆలస్యమైంది. దాణా అప్పు ఇంకో రెండేళ్ళు ఉంది. ఆ అప్పు తీర్చడానికి మా నాయన పొడ కోడెలు నాలుగు అమ్మాడు. అలా లోన్ బతికి మా చదువు నడిపింది, చచ్చి మంద తగ్గించింది.

తర్వాత వరుస కరువులొచ్చాయి. పాలమూరు లేబర్ అనే మాట మీకు తెలుసు. తండాలు తండాలే బొంబాయి, పూణే, హైదరాబాద్ పోయాయి. ఎవరు పోయినా ముందు మందను అమ్మి పోయారు. మనవాళ్ళు పశువును దేవుడిగా చూశారు కాబట్టి ఎన్నడూ అమ్మలేదని కొందరు రాస్తారు. అమ్మారు. కరువులో మందలకు మందలే కసాయి ధరకు పోయాయి. తోలుకుపోతున్న లారీ వెనక మా నాయన రోడ్డు దాకా నడిచి, చేతిలో తలుగుతాళ్ళు పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ తాళ్ళు చాలా ఏళ్ళు దూలానికి వేలాడేవి.

అయినా నల్లమల అంచున మందలు పూర్తిగా పోలేదు. కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో పొడ తూర్పును ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. ఏ జాతి పశువైనా గాలికి పుట్టదు. ఏ కోడెను ఉంచాలి, దేన్ని అమ్మాలి, ఏ ఆవు దూడను దాచాలి అని తరాల తరబడి ఎవరో ఎంచితేనే అది జాతి అవుతుంది. ఎంచింది ఎవరు? నిశానీ వేసే మన తాతలు, అమ్మమ్మలు. ఆ నమోదు పత్రం పశువుకు వచ్చింది. అది మన పెద్దల పనితనానికి కూడా దక్కిన పత్రమని మేము అనుకుంటాం.

ఇప్పుడున్న చిక్కు మేత. అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం. పులి కావాలి, అడవి కావాలి, అందులో మాకు వాదన లేదు. మేత దారులు మాత్రం ఏటికేడు తగ్గుతున్నాయి, పులి పట్టిన పశువు లెక్కలూ ఉన్నాయి. ఇక్కడ చదువుకున్న మీ అవసరం పడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో పోడు భూమి హక్కు ఒక్కటే లేదు. మేత హక్కు ఉంది, స్థిరంగా ఉన్నవాళ్ళకూ, కాలాన్ని బట్టి తిరిగే పశుపోషకులకూ అని స్పష్టంగా ఉంది. అది సామూహిక హక్కు, గ్రామసభ ద్వారా, ఫారం-బి మీద అడగాలి. మన తండాల్లో పోడు పట్టా గురించి మాట్లాడని ఇల్లు లేదు. ఫారం-బి పేరు విన్న ఇల్లు మాకు ఎదురుపడటం అరుదు. మీ ఫోన్లో ఆ చట్టం తెలుగులో దొరుకుతుంది, ముందు చదవండి.

ఏటా జూన్‌లో హాస్టల్‌లో చేరే పిల్లల ఫారాలు మేమే నింపుతాం. 'తండ్రి వృత్తి' అన్న చోట దాదాపు అందరూ 'కూలీ' అని చెబుతారు. ఒకసారి ఒక పిల్లను, "మీ నాయన ఏం కూలికి పోతడు?" అని అడిగాం. "కూలికి పోడు మేడమ్. మాకు పశువులున్నయి, అడివిలో ఉంటడు" అంది. మరి కూలీ అని ఎందుకు చెప్పావంటే తల దించుకుంది. మాకు మా చుడీదార్లు గుర్తొచ్చాయి. ఆ పిల్లను ఏమనగలం?

ఆ దసరా సెలవులకు పిల్లలకు ఒక పని ఇచ్చాం. ఇంటికి పోయి, మీ ఇంట్లోనో మీ తాత ఇంట్లోనో ఉన్న పశువుల పేర్లు, అవి ఎవరి పిల్లలో, ఎవరు పితికితే చేపుతాయో అడిగి రాసుకురండి అని. చాలామంది పశువుల్లేవని ఖాళీ పేజీ తెచ్చారు. ఆ ఖాళీ పేజీలు కూడా తేదీ వేసి దాచాం. ప్యాకెట్ నెయ్యి గురించి అడిగిన పిల్ల మాత్రం తన అమ్మమ్మ దగ్గర కూర్చుని ముప్పై ఒక్క పేర్లు రాసుకొచ్చింది. గోర్‌బోలీ మాటలు తెలుగు అక్షరాల్లో, తప్పులతో. పదకొండు పేర్ల పక్కన 'అమ్మినం' అని ఉంది. రెండింటి పక్కన 'పులి'. ఒకదాని పక్కన 'అమ్మమ్మ పితికితేనే'. చివరి పేరు పక్కన ఏమీ లేదు. అడిగితే, "అది చూడితో ఉంది మేడమ్, సంక్రాంతికి ఈనుతది" అంది.

ఆ నోటుపుస్తకాలు మా ఆఫీసు బీరువాలో ఉన్నాయి. సంఘం తరఫున ఎవరైనా వచ్చి చూడొచ్చు, రాసుకోవచ్చు. మీ తండాలో ఇంకా మందతో తిరుగుతున్న పెద్దలుంటే ముందు వాళ్ళ దగ్గరికి పోండి. వాళ్ళు సాయంత్రం ఆరు దాటాకే దొరుకుతారు, పశువులు దొడ్డికి చేరాక.